తుమ్మెద ఉంది, తుమ్ము లేదు

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో రెండు ఎరుపులు కనిపిస్తాయి. ఒకటి చేలగట్ల మీద, గుట్టల వాలుల్లో ఆకు రాల్చి పూసిన మోదుగు. రెండోది కల్లాల్లో ఆరబోసిన మిరప. ఏడాదంతా మేం ఎదురుచూసే రోజులివి. తండాల్లో హోలీ, లేంగి పాటలు, మోదుగుపూలు మరగబెట్టి తీసిన రంగు. యానాది, ఎరుకల వాడల్లోనూ నాలుగు డబ్బులు చేతికొచ్చే మిరప కోతలు. ఇవే రోజుల్లో ఇంటింటా తుమ్ములు, కళ్ళ దురదలు, రాత్రిళ్ళు పిల్లికూతలు. ఎదురుచూపూ ఆయాసమూ ఒకే నెలలో వస్తాయి. మన రచనల్లోకి మాత్రం మొదటిదే వస్తుంది. రెండోది ఎందుకు రావడం లేదన్నదే ఈ వ్యాసం.

ఈ ప్రశ్న మాకు ఒక నోటుబుక్కు దగ్గర పుట్టింది. హాస్టల్లో ఉండి చదువుకునే మా తండా పిల్లలు రాసిన ‘వసంత ఋతువు’ వ్యాసాలు కొన్ని మా చేతికొచ్చాయి. అన్నింట్లోనూ కోయిల కూసింది, మామిడి చిగురించింది, మల్లెలు గుబాళించాయి. ఒక్క అమ్మాయి మాత్రం చివర్లో ఒక వాక్యం సొంతంగా రాసింది. ఈ నెలల్లో తనకు రాత్రిపూట ఊపిరాడదని, అయినా మోదుగులు ఎప్పుడు పూస్తాయా అని చూస్తుంటానని. ఆ వాక్యం మీద ఎర్రగీత ఉంది. పక్కన ‘అంశానికి సంబంధం లేదు’ అని ఉంది. అన్ని వ్యాసాల్లోనూ వసంతాన్ని నిజంగా చూసింది ఆ వాక్యమొక్కటే. కొట్టివేసిందీ దాన్నే.

గీత గీసిన చేతిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ చేతికి అలవాటు నేర్పింది చాలా పాత సంప్రదాయం. ప్రబంధాలకు చెప్పిన అష్టాదశ వర్ణనల్లో ఋతువర్ణన ఒకటి. అందులో పుప్పొడి అంటే సుగంధం, మన్మథుడి సామగ్రి, గాలి చల్లే రంగుపొడి. తెలుగులో ముక్కు మీద పేరుమోసిన పద్యమే ఉంది. వసుచరిత్రలో రామరాజభూషణుడిది. అది నంది తిమ్మన రాసి అమ్మినదనీ, అందుకే ఆయన ముక్కు తిమ్మన అయ్యాడనీ కథ చెబుతారు. తుమ్మెద తన దగ్గరికి రావడం లేదని సంపెంగ తపస్సు చేసి, అందమైన ఆడదాని ముక్కుగా పుట్టి, చూపులనే తుమ్మెదలను రెండు పక్కలా ఉంచుకుందని ఆ పద్యంలో ఊహ. గొప్ప ఊహే, కాదనం. కానీ ఆ ముక్కుకు వాసన తప్ప మరో అనుభవం లేదు. అది కారదు, మూసుకుపోదు. మన వసంత కవిత్వంలో తుమ్మెదకు పెద్దపీట ఉంది. తుమ్ముకు గడపలోపల చోటు లేదు.

పాత కవులు చేలో దిగలేదు, సరే. మరి మనం? మన సంచికల్లోకి వచ్చే కవితల్లో మోదుగు ఎప్పుడూ మంటే, నెత్తురే, జెండాయే. దాశరథి రంగాచార్య తెలంగాణ పోరాటకాలం మీద రాసిన నవలకు ‘మోదుగుపూలు’ అని పేరు పెట్టడంలో అర్థం ఉంది, అవసరమూ ఉంది. ఆ తరవాత మనం ఆ గుర్తును అరువు తెచ్చుకుని, అసలు చెట్టును మరిచిపోయాం. మా గోర్‌బోలిలో మోదుగుపువ్వును కేసులా అంటారు. విస్తళ్ళు కుట్టిన ఆకు, రంగు కాచిన పువ్వు, లక్కపురుగు బతికే కొమ్మ మా అమ్మమ్మల చేతులకు తెలుసు. మన కవితలకు తెలియదు. కోయిలను తీసి మంటను పెట్టినంత మాత్రాన ఆ వసంతం మనదైపోదు.

చెట్టును చూడకపోతే నష్టం కవిత్వానికే అయితే పోనీ అనుకోవచ్చు. నష్టం ఊపిరితిత్తులకూ జరుగుతోంది. మా తండాల్లో కొందరు పెద్దలు దగ్గొచ్చిన పిల్లను మోదుగు చెట్టు కిందికి పోనివ్వరు. “ఆ పూల వల్లే నీకు ఆయాసం, హోలీ రంగు ముట్టొద్దు” అంటారు. ప్రేమతో అన్నమాటే. కానీ నేరం మోపింది ఎక్కువసార్లు నిర్దోషి మీద. రంగుతో, తేనెతో పిలిచే పువ్వు పుప్పొడిని గాలికి వదిలేయదు. మోదుగు పుప్పొడిని తేనెపిట్టలు, గోరింకలు మోసుకెళతాయి. అది బరువుగా, జిగటగా ఉంటుంది. ముక్కుదాకా ఎగిరొచ్చేది ఎక్కువగా గాలిని నమ్ముకున్న మొక్కలది. గడ్డిజాతులు, సరుగుడు, ఆముదం, వాటితోపాటు సర్కారు తుమ్మ, వయ్యారిభామ. వీటి పువ్వును పువ్వని ఎవరూ అనరు. ఎవరి కవితలోనూ ఇవి పూయవు. రంగుపువ్వు ఎవరికీ పడకపోవడం ఉండదని మేం అనడం లేదు. ముందు అనుమానించాల్సింది దాన్ని కాదంటున్నాం.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఒకప్పుడు వేసవి మొదట్లో వచ్చే ఇలాంటి జలుబును గులాబీ జలుబు అనేవారు. గులాబీ పూసే రోజుల్లోనే గడ్డి కూడా పూసేది మరి. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడు తన మీద తానే పరీక్షలు చేసుకున్నాడు. గాలిపటాలకు జిగురు పలకలు కట్టి ఎగరేసి పుప్పొడి పట్టాడు. గడ్డి పుప్పొడే కారణమని 1873లో పుస్తకం రాశాడు. జపాన్ వాళ్ళు చెర్రీపూల కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. ఆ పూల కిందికే మాస్కులు కట్టుకుని వస్తారు. వాళ్ళను తుమ్మించేది చెర్రీ కాదు, రెండో ప్రపంచయుద్ధం తరవాత కలప కోసం కొండలనిండా ఒకే రకంగా నాటిన సుగి చెట్లు. అక్కడి ప్రభుత్వం 2023లో ఆ తోటలను పదేళ్ళలో ఐదోవంతు తగ్గించాలని ప్రణాళిక వేసుకుంది. పుప్పొడి బాధ వెనక ఎవరో ఎప్పుడో తీసుకున్న నాటే నిర్ణయం ఉంటుంది.

మన దగ్గర ఆ నిర్ణయం పేరులోనే ఉంది. సర్కారు తుమ్మ. 1870ల చివర్లో మద్రాసు ప్రభుత్వ అటవీ శాఖ వంటచెరకు కోసం విదేశం నుంచి విత్తనం తెప్పించి కడప వైపు వేసింది. ఇవాళ చెరువుగట్లనీ, మునేరు ఒడ్డునీ, తండా బీళ్ళనీ అదే కమ్మింది. పేరుపెట్టిన పల్లె జనం ఎవరు తెచ్చారో మరిచిపోకుండా పెట్టారు. అది మంచి విమర్శ. డివైడర్ల మీద నాటిన కోనోకార్పస్ గురించి ఇప్పుడు జరుగుతున్న వాదన ఈ కథకు కొనసాగింపే. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది.

వయ్యారిభామ పేరు మాత్రం మాకు మింగుడుపడదు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ కలుపును మన దేశంలో 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించారు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. తడి ఉంటే ఏ నెలలోనైనా పూస్తుంది. పుప్పొడి ముక్కుకు, ఆకు చర్మానికి పడవు. దీన్ని వంగి పీకేదెవరు? కూలికెళ్ళిన మా ఆడవాళ్ళు. వాళ్ళ చేతులూ మెడలూ పొక్కి, నల్లబడి, పగులుతాయి. అలాంటి మొక్కకు ఆడదాని వయ్యారం పేరు పెట్టుకున్నాం. సంపెంగను ఆడదాని ముక్కు చేసిన చూపే కలుపును ఆడదాని నడక చేసింది. రెండుచోట్లా లేనిది ఒకటే, ఆడదాని ఒళ్ళు పడే బాధ.

ఇంకో మాట కూడా విడమరచాలి. మా మెట్టలో ఈ కాలపు దగ్గంతా పుప్పొడి దగ్గు కాదు. కల్లాల్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళకు కారపు దుమ్ము మండిస్తుంది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనులు, సిమెంటు పరిశ్రమలు, విజయవాడ - హైదరాబాదు హైవే మీద ఎడతెగని లారీలు. పొయ్యిపొగ ఉండనే ఉంది. వీటన్నిటినీ కలిపి ‘పూతకాలం రొంప’ అని ఒక్కమాటతో తేల్చేస్తే దుమ్ముకు జవాబు చెప్పాల్సినవాళ్ళు తప్పుకుంటారు, పువ్వు దోషి అవుతుంది. సరైన పేరు పెట్టడం రచయిత పని. ఇక్కడ అది ఆరోగ్యం పని కూడా.

కాబట్టి ఉపాధ్యాయులకు మా మనవి. వసంతం మీద వ్యాసం రాయమన్నప్పుడు, వారం రోజులు ఊరి చుట్టూ ఏ మొక్క పూసిందో, ఏ రోజు ఎవరికి తుమ్ములొచ్చాయో, ఆ రోజు గాలి, కల్లం, పొగ ఎలా ఉన్నాయో రాసుకోమనండి. అది తెలుగు పాఠమూ అవుతుంది, సైన్సు పాఠమూ అవుతుంది. డాక్టరుకు చూపించడానికీ పనికొస్తుంది. బడి ఆవరణలో వయ్యారిభామను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్ళతో సహా తీయించండి. ఆ పని పెద్దవాళ్ళది, చేతికి తొడుగులుండాలి. పిల్లలతో వట్టి చేతులతో చేయించొద్దు. ఉబ్బసం ఉన్న పిల్ల పీల్చే మందు వాడితే ‘పంపుకు అలవాటు పడిపోయింది’ అని ఎగతాళి చేయనీయకండి. ఆ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది కనుక కొద్ది మోతాదే సరిపోతుంది. డాక్టరు చెప్పకుండా మానకూడదు.

యువ రచయితలకు చెప్పేది ఇంకా చిన్నమాట. కల్లంలో తువ్వాలు ముక్కుకు కట్టుకుని తొడిమలు తీస్తూ, సాయంత్రం లేంగి పాటకు గొంతు దాచుకునే అమ్మను రాయండి. ఆమెలో ఎదురుచూపూ ఉంది, ఆయాసమూ ఉంది. ఒకదాన్ని తీసేస్తే మిగిలేది వసంతం కాదు, వసంతం పేరుతో ఒక కాపీ.

ఆ నోటుబుక్కు ఇంకా మా దగ్గరే ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయికి ఒకటే చెబుతాం. ఆ ఎర్రగీత వాక్యం మీద కాదు, కింద ఉండాల్సింది. వచ్చే ఫాల్గుణంలో అక్కడినుంచే మొదలుపెట్టి రాయమంటాం.