మచ్చు తీసిన చేయి

తెలుగు విజ్ఞాన వ్యాసాల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రం వేసినప్పుడు, దాని కింద తరచు కనిపించేవి పదార్థం పేరు, ఎన్ని రెట్లు పెద్దది చేశారన్న అంకె. పదార్థాన్ని పరిశీలనకు ఎలా సిద్ధం చేశారో చెప్పే వాక్యం అరుదు. ఈ లోపాన్ని మేము చిన్నదిగా భావించడం లేదు.

నీటిలో విడివిడిగా తేలే బంగారు నానో కణాలనే తీసుకుందాం. సుమారు 3 మిల్లీమీటర్ల వ్యాసం గల రాగి జాలీపై పలుచని కార్బన్ పొర ఉంటుంది. దానిపై కొన్ని మైక్రోలీటర్ల ద్రవం వేసి ఆరనిస్తారు. నీరు ఆవిరవుతూ కణాలను దగ్గరకు లాగుతుంది, కొన్నిటిని చుక్క అంచుకు చేరుస్తుంది. చిత్రంలో గుంపులు కనిపిస్తాయి. అవి నీటిలోనే ఉన్నవా, ఆరబెట్టడం వల్ల ఏర్పడినవా? చిత్రం ఒక్కటే చూసి చెప్పలేము. అలాగే కార్బన్ నానో నాళికలను విడదీయడానికి అతిధ్వని తరంగాలను ఎక్కువసేపు ప్రయోగిస్తే అవి విరుగుతాయి. అప్పుడు మనం కొలిచేది ముక్కల పొడవు.

తడిని తడిగా చూపే మార్గం లేకపోలేదు. పలుచని నీటిపొరను ద్రవ ఈథేన్‌లో చటుక్కున ముంచితే, స్ఫటికాలు ఏర్పడే వ్యవధి లేక నీరు గాజులా గట్టిపడుతుంది. 1980లలో ఈ పద్ధతిని రూపొందించిన జాక్ దుబోషే, 2017లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరు. మచ్చు తయారీ వంటింటి పని వంటిదని చులకన చేసేవారు ఇది గమనించాలి.

మాట విషయం కూడా ఒకటుంది. ఈ వ్యాసాల్లో వాడే ‘నమూనా’కు మాదిరి అనే అర్థం కూడా ఉంది. నమూనా ప్రశ్నపత్రం అసలు పత్రంలోని భాగం కాదు. ‘మచ్చు’ అయితే బియ్యం బస్తాలోంచి తీసి చూపే గుప్పెడు. తీసిన చేయి ఒకటుందని ఆ మాట గుర్తుచేస్తుంది. అందుకే మేము మచ్చునే కోరుకుంటాము.

తమిళనాడు, కర్ణాటక పల్లెల్లో పెద్దల తెలుగును రికార్డు చేసే మన విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది. యంత్రం ఎదుట పెట్టి, “మంచి తెలుగులో చెప్పండి” అంటే ఆ ఇంటి మాట అక్కడే ఆరిపోతుంది. గమనించకుండా తెలుసుకోలేము, గమనిస్తే మాట మారుతుంది అన్న చిక్కును భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ 1972లోనే చర్చించాడు. చిక్కు పూర్తిగా పోదు. కాని మచ్చు ఎలా తీశామో రాయడం మన చేతిలో ఉంది. అది రాయని చిత్రాన్ని, అది రాయని పదపట్టికను ఒకే అనుమానంతో చదవాలని మా సూచన.