బోర్లా పడుకుని నడిపే బండి

మూరకు కాస్త మించిన చెక్కపలక. దాని కింద ఎటు తోస్తే అటు తిరిగే నాలుగు చక్రాలు. జర్మన్లు దీన్ని రోల్‌బ్రెట్ అంటారు. నాలుగేళ్ల పిల్లవాడు దాని మీద బోర్లా పడుకుని, తల పైకెత్తి, రెండు అరచేతులతో నేలను వెనక్కి నెట్టుకుంటూ హాలు ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతాడు. చూసేవాళ్లకు అది ఉత్త అల్లరి. కానీ వాడి మెడ, వీపు తలను నిలబెడుతున్నాయి, భుజాలు ఒంటిని లాగుతున్నాయి. ఒక చెయ్యి గట్టిగా, ఇంకోటి మెల్లగా తోస్తే బండి పక్కకు తిరుగుతుంది కాబట్టి రెండు చేతులకూ జత కుదరాలి. గోడ ఎంత దూరంలో ఉందో ముందే అంచనా వెయ్యాలి. ఇదే కసరత్తును బల్ల మీద పడుకోబెట్టి ‘తల ఎత్తు, ఇంకో పదిసార్లు’ అని చేయించబోతే మూడోసారికే ఏడుపు లంకించుకుంటాడు. ఇక్కడ ఎంతసేపైనా దిగడు. వాడు బండి నడుపుతున్నాడు మరి.

ఈ పద్ధతి పేరు సైకోమోటోరిక్. దీనికి ఆద్యుడు ఎర్న్‌స్ట్ జానీ కిప్‌హార్డ్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు. 1955లో గ్యూటర్స్‌లో పట్టణంలోని పిల్లల మానసిక వైద్యశాలలో పని మొదలుపెట్టాడు. ఎదుగుదలలో వెనకబడ్డవాళ్లు, చీటికీమాటికీ కలబడేవాళ్లు, ఒక్కచోట కుదురుగా కూర్చోలేనివాళ్లు ఆయన దగ్గరకు వచ్చేవారు. హెల్ముట్ హ్యూనెకెన్స్ అనే వైద్యుడితో కలిసి, కదలికతోనే నయం చేయవచ్చన్న తమ అనుభవాన్ని 1960లో పుస్తకంగా తెచ్చాడు. ఆయనకు ఇష్టమైన పనిముట్టు ట్రాంపోలిన్. దాని మీద ఎగిరే పిల్లల్ని చూస్తే చేతులు ఎటు పోతున్నాయో, నడుము నిలుస్తోందో లేదో ఇట్టే తెలిసిపోతుంది. అంతకన్నా తమాషా ‘ఆగు’ అన్నప్పుడు. మోకాళ్లు వంచి ఆ ఊపునంతా మింగేసి టక్కున నిలబడాలి. పది మాటలు చెప్పినా ఆగని పిల్లవాడు ఇక్కడ తన ఒంటితో తనే ఆగడం నేర్చుకుంటాడు.

ఫ్రీడ్‌హెల్మ్ షిల్లింగ్‌తో కలిసి 1974లో కిప్‌హార్డ్ ఒక కొలమానం కూడా తయారుచేశాడు. కేటీకే అని పిలిచే ఆ పరీక్షలో నాలుగే పనులు: సన్నటి దుంగల మీద వెనక్కి నడవడం, ఒంటికాలితో గెంతుతూ నురుగు దిమ్మెలు దాటడం, అడ్డకర్రకు అటూ ఇటూ పక్కవాటుగా దూకడం, రెండు పలకల్ని మార్చి మార్చి వేసుకుంటూ నేల తాకకుండా ముందుకు జరగడం. మన తొక్కుడుబిళ్లలో చెయ్యి తిరిగినవాళ్లకు వీటిలో రెండో పని కొట్టిన పిండే.

ఇప్పుడు ఈ తరగతులు మామూలుగా వారానికోసారి, కొద్దిమంది పిల్లలతో జరుగుతాయి. మొదట గుండ్రంగా కూర్చుని ఇవాళ ఏం ఆడదామో మాట్లాడుకుంటారు. అగ్నిమాపక దళం అన్నారనుకోండి, బెంచీలు, పరుపులు, తాళ్లు, దుప్పట్లు కలిపి పిల్లలే మేడ కడతారు, మంట పుట్టిస్తారు, ఆర్పుతారు. చివర మళ్లీ గుండ్రంగా చేరి కాసేపు సేద తీరుతారు. మధ్యలో పెద్దవాళ్లు చేసే పని పైకి కనబడదు. ఎత్తు పెట్టె మీద నుంచి దూకడానికి ఒక పాప జంకుతోంది. నేర్పరి అయిన థెరపిస్టు ‘ఏం కాదు, దూకెయ్’ అనదు, చెయ్యి కూడా పట్టుకోదు. పక్కన పొట్టి పెట్టె ఒకటి తెచ్చి పెడుతుంది, పరుపును కాస్త దగ్గరకు జరుపుతుంది, అవతలికి వెళ్లి వేరే పిల్లవాడికి తాడు కడుతుంది. దూకాలో వద్దో, ఏ పెట్టె మీద నుంచో తేల్చుకోవాల్సింది ఆ పాపే.

పెద్దవాళ్లు ఇలా వెనక్కి తగ్గడం మొదటి నుంచీ లేదు. కిప్‌హార్డ్ తొలినాళ్ల పద్ధతిలో సాధన పాలు ఎక్కువ, లోపం ఎక్కడుందో అక్కడే కసరత్తు. 1980ల్లో రెనాటె త్సిమ్మర్, మైన్‌హార్ట్ ఫోల్‌కామర్ లాంటివాళ్లు దాన్ని మలుపు తిప్పారు. ‘నాకు రాదు’ అని ముందే తీర్మానించుకున్న పిల్లవాడికి వంద కసరత్తులు చేయించినా, తన గురించి తనకున్న ఆ అభిప్రాయం మారకపోతే లాభమేంటని వాళ్ల వాదన. నా ఓటు వీళ్లకే. అలాగని ఆట అన్నిటికీ సరిపోదు. మెదడు పక్షవాతం ఉన్న బిడ్డకు ఫిజియోథెరపీ కావాలి, అందులో కొంత నొప్పీ విసుగూ తప్పవు.

ఆటను ఇంత గట్టిగా పట్టించుకోవడం జర్మన్లకు కొత్త కాదు. ఫ్రీడ్రిహ్ ఫ్రోబెల్ 1837లో థురింగియాలోని బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల ఆటల నిలయం తెరిచాడు, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. దారం కట్టిన ఉన్ని బంతులు, ఎనిమిది ముక్కలుగా విడిపోయే చెక్క ఘనం ఆయన సిద్ధం చేసిన ఆటవస్తువులు. ముక్కలన్నీ వాడాలి, కుర్చీ కట్టాక దాన్ని కూలదొయ్యకుండా జరుపుతూ జరుపుతూ మంచంగా మార్చాలి. ఇందులో నాస్తికత్వం, సోషలిజం వాసన పసిగట్టి ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. 1860 దాకా ఆ నిషేధాన్ని ఎత్తెయ్యలేదు. చెక్క ముక్కలకు అంత భయపడ్డ ప్రభుత్వం ఇంకోటి ఉండదేమో!

ఇక ఏర్పాట్ల సంగతి. జర్మనీలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక పసుపుపచ్చ పుస్తకం ఇస్తారు, నిర్ణీత వయసుల్లో పిల్లల డాక్టరు చేసే పరీక్షలన్నీ అందులో రాస్తారు. అనుమానం వస్తే పెద్ద కేంద్రానికి పంపుతారు. అలాంటి మొదటి కేంద్రాన్ని థియోడోర్ హెల్‌బ్రుగ్గె 1968లో మ్యూనిక్‌లో పెట్టాడు. వైద్యులు, మనస్తత్వ నిపుణులు, థెరపిస్టులు ఒకే కప్పు కింద ఉంటారు. ఇప్పుడు దేశమంతా ఇవి 150కి పైనే. బడిలో చేరేదాకా అందే ముందస్తు సాయానికి, అంటే ఫ్రూఫ్యోర్డెరుంగ్‌కు, తల్లిదండ్రులు పైసా కట్టక్కర్లేదు. సైకోమోటోరిక్ తరగతి విడిగా కావాలంటే మాత్రం చాలాచోట్ల జేబులోంచే పెట్టుకోవాలి.

ఉద్యోగాల కోసం వెళ్లి అక్కడ స్థిరపడి, మాట ఆలస్యమైన పిల్లల్ని తీసుకొచ్చే మనవాళ్లకు ఈ ఆటగదుల్లో మొదట కలిగే సందేహం ఒకటే: ఆటలాడితే మాటలొస్తాయా? ఊపుగుడ్డను చూస్తే జవాబు దొరుకుతుంది. అందరూ అంచులు పట్టుకుని గుడ్డను ఎగరేస్తారు, పిల్లవాడు కింద పడుకుని కేరింతలు కొడతాడు. ఉన్నట్టుండి ఆపేస్తారు. ఎవరూ ఏమీ అడగరు, వాడి ముఖం చూస్తూ ఎదురుచూస్తారు. వాడు కళ్లు ఎత్తి చూస్తాడు, లేదా చెయ్యి ఊపుతాడు, లేదా ‘ఇంకా’ అంటాడు. జర్మన్‌లో అన్నా తెలుగులో అన్నా గుడ్డ మళ్లీ లేస్తుంది. మాటకు ముందుండే అడగడం, వంతు కోసం ఆగడం ఇక్కడే అలవడతాయి.

మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. బిడ్డకు మాట, నడక ఆలస్యమైతే మొదట తీసుకెళ్లాల్సింది అక్కడికే. ఊపుగుడ్డ ఆటకు ఇంట్లో పాత చీర చాలు. ట్రాంపోలిన్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది. డాక్టరు చూసి సరేనన్నాకే ఎక్కించాలి.