పోత ఇనుము మీద కొయ్య గిన్నె

అడుగు వ్యాసమున్న పచ్చి బీచ్ చెట్టు దిమ్మను లేత్‌కు బిగించారనుకుందాం. రంపంతో ఎంత గుండ్రంగా కోసినా దాని బరువు అన్నివైపులా ఒకేలా ఉండదు. ఒకవైపు చేవ, మరోవైపు లేత కొయ్య. ఒకచోట బెరడు మందం, ఇంకోచోట పలచన. అంచున ఒకచోట 200 గ్రాములు ఎక్కువైతే చాలు, నిమిషానికి 500 చుట్లు తిరిగేటప్పుడు ఆ కాస్త బరువే ఎనిమిది కిలోల పైచిలుకు బలంతో ఇరుసును బయటికి లాగుతుంది. వేగం 1000కి పెంచితే లాగుడు రెట్టింపుతో ఆగదు, నాలుగింతలై 33 కిలోలు దాటుతుంది. పోనీ ఒకే దిక్కుకు లాగుతుందా అంటే అదీ లేదు. సెకనుకు పదహారు పదిహేడు సార్లు చుట్టూ దిక్కు మారుస్తూ కుదిపేస్తుంది. బల్లమీద పెట్టుకునే నలభై యాభై కిలోల లేత్ ఆ కుదుపుకి గడగడలాడుతుంది. బల్ల తేలికదైతే బల్లతో సహా జరగడం మొదలెడుతుంది.

గిన్నెలు చేయాలని సరదాపడి చిన్న లేత్ కొన్నవాళ్లు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కొన్నాళ్లకే రెండో మిషను వేటలో పడేది అందుకే. అప్పడాల కర్రలు, కుర్చీ కాళ్లు, బొంగరాలు చిన్న లేత్ మీద చక్కగానే వస్తాయి. పెద్ద గిన్నె దగ్గరికొచ్చేసరికి అది చేతులెత్తేస్తుంది. గిన్నెలకు పనికొచ్చే కొత్త లేత్‌లు లేకపోలేదు. అమెరికాలో పేరున్న పవర్‌మాటిక్ 3520 రకం దాదాపు 300 కిలోలు తూగుతుంది. ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది. అంత పెట్టలేనివాళ్లు మూతపడ్డ వర్క్‌షాపుల్లో, వడ్రంగం తరగతులు ఎత్తేసిన బడుల్లో మిగిలిన పాత యంత్రాల కోసం వెతుకుతారు.

మన ఏటికొప్పాక లక్కబొమ్మల పని చూసినవారికి ఒక సందేహం రావచ్చు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో తరతరాలుగా తరిమెన (లేత్) మీదే బొమ్మలు చేస్తున్నారు. అంత బరువైన యంత్రాల అవసరం వారికెందుకు రాలేదు? అక్కడ వాడేది అంకుడు కర్ర. తేలికైనది, మెత్తనిది, నార సన్ననిది. ఎండిన కర్రను పొడవునా ఇరుసుకు బిగిస్తారు. నార ఇరుసు వెంబడే సాగుతుంది కాబట్టి ఉలికి చుట్టూ ఒకే రకమైన కొయ్య తగులుతుంది. బొమ్మ పిడికిలంత ఉంటుంది. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది, మొగలి ఆకుతో రుద్దితే మెరుపెక్కుతుంది. ఆ పనికి కావలసిన బలమంతా చేతి ఒడుపులోనే ఉంది. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది ఆ ఒడుపుకీ, సహజ రంగులకీ.

గిన్నె దారి వేరు. దుంగను నిలువునా చీల్చి, ఆ సగం ముక్కలోంచి గిన్నె తీస్తారు. నార ఇరుసుకు అడ్డంగా పడుతుంది. దిమ్మ ఒక్క చుట్టు తిరిగేలోగా ఉలికి రెండుసార్లు నార పక్కభాగం, రెండుసార్లు నార కొస ఎదురవుతాయి. పక్కభాగం మెత్తగా తెగుతుంది, కొస మొరాయిస్తుంది. నిమిషానికి 600 చుట్ల వేగంలో సెకనుకు ఇరవై సార్లు ఆ కొస ఉలిని తంతుంది. దీనికి దిమ్మ అసమతూకం తోడైతే చిన్న లేత్ ఊగిపోతుంది. ఊగిన లేత్ మీద ఉలి ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన కోస్తుంది. గిన్నె ఒంటిమీద సుడులు సుడులుగా గాట్లు పడతాయి. కొత్తవాళ్లు తప్పు తమ చేతిదేననుకుని ఉలి మీద ఉలి పదును పెడుతూ కూర్చుంటారు.

కరెంటు మోటారు రాక ముందు ఈ బాధ లేదు. ఇంగ్లండులో శతాబ్దాల పాటు గిన్నెలు చేసింది పోల్ లేత్ మీద. పైన సాగే గుణమున్న పచ్చి కర్ర, కింద కాలితో తొక్కే బద్ద, రెండింటి మధ్య ఇరుసుకు చుట్టిన తాడు. తొక్కితే దిమ్మ ముందుకు తిరుగుతుంది, కాలు వదిలితే పై కర్ర దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. ముందుకు తిరిగినప్పుడే కోత. వేగం తక్కువ, కాబట్టి కుదుపూ తక్కువే. ఉలి కొస కొక్కెంలా వంగి ఉంటుంది. 1545లో మునిగిన మేరీ రోజ్ యుద్ధనౌకను పైకి తీసినప్పుడు దొరికిన నావికుల కొయ్య గిన్నెలు, పళ్లేలు ఇలా చేసినవే.

ఆ వరుసలో చివరివాడిగా పేరుపడ్డ జార్జ్ లైలీ బర్క్‌షైర్‌లోని బకిల్‌బరీలో 1958లో చనిపోయే దాకా తాత తండ్రుల పనే చేశాడు. ఒకే ఎల్మ్ దిమ్మలోంచి ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలను వరుసగా ఒలిచి తీయడం ఆయన ప్రత్యేకత. లోపలి కొయ్యను పొట్టు కింద పోగొట్టకుండా దాన్నే ఇంకో చిన్న గిన్నెగా మలిచేవాడు. ఆయన లేత్, పనిముట్లు రెడింగ్‌లోని ఇంగ్లిష్ గ్రామీణ జీవన మ్యూజియంలో ఉన్నాయి. రాబిన్ వుడ్ అనే పనివాడు ఆ పనిముట్లను పరిశీలించి, అలాంటి కొక్కెపు ఉలులు తానే కొలిమిలో చేసుకుని, ఆగిపోయిన పనిని మళ్లీ బతికించాడు.

మోటారు వచ్చాక గిన్నె పని మరో దారి పట్టింది. దిమ్మ ఒకే దిక్కుకు ఆగకుండా తిరుగుతుంది, కోత వేగం పెరిగింది, గిన్నెల సైజు పెరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించి శిబిరంలో ఉన్న బాబ్ స్టాక్స్‌డేల్ అక్కడే గిన్నెలు చేయడం మొదలుపెట్టి, తర్వాత కాలిఫోర్నియాలోని బర్కిలీలో జీవితాంతం అదే పనిలో ఉన్నాడు. అట్లాంటాలో ఆర్కిటెక్టుగా ఉన్న ఎడ్ మౌల్త్రోప్ చాలా పెద్ద గిన్నెలు చేశాడు. బజారులో దొరికే లేత్ ఏదీ ఆ దుంగలకు ఆగకపోవడంతో ఆయన తన లేత్‌లను తానే కట్టుకున్నాడు, ఈటెలంత పొడుగు పనిముట్లూ చేసుకున్నాడు. యంత్రం ఎంత మోయగలదో అంత గిన్నె అన్న లెక్క అప్పటికే తేలిపోయింది.

ఇంతకీ ఆ బరువు ఉలి కింద ఏం చేస్తుంది? గిన్నె పనికి వాడేది గౌజ్, అంటే మధ్యలో గాడి ఉన్న గుండ్రటి ఉలి. దాని పదునుకు వెనక ఉన్న ఏటవాలు ముఖాన్ని ముందు తిరుగుతున్న కొయ్యకు ఆనిస్తారు, కోత పడదు. తర్వాత పిడిని కొద్దిగా ఎత్తుతారు. పదును కొయ్యను అందుకుని సన్నటి పేళ్లు ఎగుస్తాయి. అక్కణ్నుంచి ఆ ఏటవాలు ముఖమే దారి చూపిస్తుంది. అప్పుడే కోసిన నున్నటి చోట ఆనుకుని ముందుకు జారుతుంది. గిన్నె బయటివైపు అడుగు నుంచి అంచుకు, లోపలివైపు అంచు నుంచి అడుగుకు కోస్తారు. అలా అయితేనే తెగే ప్రతి నారకూ వెనక ఇంకో నార ఆసరాగా ఉంటుంది, కొసలు చిరగవు. ఈ పద్ధతంతా ఉలి ముఖానికీ కొయ్యకూ మధ్య దూరం మారకపోవడం మీద నడుస్తుంది. లేత్ అదిరితే ఆ దూరం క్షణక్షణం మారుతుంది. పోత ఇనుములో ఉండే గ్రాఫైట్ రేకులు అదురును లోలోపలే మింగేస్తాయి. రేకు మడిచి అతికిన స్టాండులో ఆ గుణం లేదు. తేలిక స్టాండున్నవాళ్లు కింద అరలో ఇసుక బస్తాలు పేర్చేది అందుకే.

పాత మిషన్ల వేటలో బ్రిటన్‌లో ఎక్కువగా వినబడే పేరు గ్రాడ్యుయేట్. యార్క్‌షైర్‌లోని హెక్‌మండ్‌వైక్‌లో హారిసన్ కంపెనీ తయారుచేసింది, తర్వాత యూనియన్ పేరుతోనూ వచ్చింది. ఇరుసును మోసే హెడ్‌స్టాక్‌నూ కింది స్తంభాన్నీ కలిపి నేలదాకా ఒకే ముద్దగా పోత పోశారు. మోటారు ఆ స్తంభం కడుపులోనే ఉంటుంది. ఇరుసు ముందు పట్టాల్లా సాగే పొడవాటి బెడ్ ఉన్న రకమూ ఉంది, గిన్నెల కోసమే బెడ్ కురచగా చేసిన రకమూ ఉంది. బడుల్లో వాడకం ఎక్కువ కావడంతో చాలా యంత్రాలు రోజుకు ఏ కాసేపో తిరిగి, మిగతా కాలమంతా గుడ్డ కప్పుకుని ఉన్నవే. నాలుగు మెట్ల పుల్లీ మీద వేగాలు 425, 790, 1330, 2250. ఆ 425 దగ్గరే ఇప్పటి వాళ్లకు పేచీ. తరిమెన పనివాళ్లలో ఒక లెక్క వాడుకలో ఉంది: దిమ్మ వ్యాసం అంగుళాల్లో, వేగం చుట్లలో తీసుకుని గుణిస్తే 6000కీ 9000కీ మధ్య ఉండాలి. అడుగు గిన్నెకు 500 నుంచి 750, అడుగున్నర గిన్నెకు 333 నుంచి 500. అదీ దిమ్మ గుండ్రంగా కుదిరాకే. పచ్చి దిమ్మ మొదటి కోతకు ఇంకా నెమ్మదిగా తిప్పాలి. అక్కడ 425 ఎక్కువైపోతుంది.

ఇలాంటి యంత్రాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు రంగు చూసి మోసపోకూడదు, తుప్పు చూసి జడుసుకోనూ కూడదు. పైపై తుప్పు ఎమెరీ కాగితంతో పోతుంది. చూడవలసింది బేరింగులు. కరెంటు ఆపి, బెల్టు వదులుచేసి, ఇరుసును రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ కదిపితే ఏమాత్రం లొడలొడ ఉండకూడదు. చేత్తో తిప్పితే గరగర వినిపించకూడదు. తర్వాత అరగంట నడిపి హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే బేరింగుల ఖర్చు ధరలోంచి తీసెయ్యాల్సిందే. ఇరుసు కొసకూ, దానికి ఎదురుగా బెడ్ మీద జరిగే టెయిల్‌స్టాక్‌కూ మొనలు తగిలించి రెండింటినీ దగ్గరికి తెస్తే ఎదురెదురుగా కలవాలి. ఇరుసు లోపలి ఏటవాలు రంధ్రంలో వేలు పెట్టి గీతలున్నాయేమో తడమాలి. ఉలిని ఆనించే టూల్ రెస్ట్ పట్టు బిగించాక మనిషి బరువు వేసినా జరగకూడదు. పోతలో పగులు గానీ, వెల్డింగ్ చేసిన అతుకు గానీ కనబడితే బేరం మానుకోవడమే మేలు. దిమ్మను పట్టుకునే చక్ ఎక్కే మర సైజు ముందే రాసుకోవాలి. గ్రాడ్యుయేట్‌ది ఒకటిన్నర అంగుళం లావు, అంగుళానికి ఆరు చుట్ల మర. ఇప్పటి చక్‌లకు దానికి సరిపోయే అమరిక విడిగా తెప్పించుకోవాలి.

అసలు తలనొప్పి మోటారుది. బడులకు, ఫ్యాక్టరీలకు చేసిన యంత్రాలు కాబట్టి చాలావాటికి త్రీ ఫేజ్ మోటార్లే ఉంటాయి. ఇళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్. మోటారే మార్చెయ్యాలన్న ఆలోచన ముందు వస్తుంది గానీ, అనుభవమున్నవాళ్లు ఇన్వర్టర్ డ్రైవ్ పెడతారు. ఇది మన ఇళ్లలో బ్యాటరీతో ఉండే ఇన్వర్టర్ కాదు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని 230 వోల్టుల త్రీ ఫేజ్ ఇస్తుంది, పైగా ఫ్రీక్వెన్సీ మార్చి వేగాన్ని తగ్గించుకునే వీలు కల్పిస్తుంది. 425 పేచీ కూడా అక్కడితో తీరుతుంది. మోటారు లోపలి తీగలు స్టార్ పద్ధతిలో కలిపి ఉంటే డెల్టాకు మార్చాలి. పేరు పలక మీద రెండు వోల్టేజీలూ రాసి ఉంటే పని తేలిక. మూడు తీగలే బయటికి వచ్చే పాత మోటారైతే వైండింగ్ తెలిసినవాడు విప్పి స్టార్ ముడిని వేరుచేయాలి. ఇన్వర్టర్ ఉంది కదా అని అన్ని వేగాలూ దానితోనే తగ్గించడం మంచిది కాదు. మోటారు నెమ్మదిగా తిరిగితే దాని ఫ్యానూ నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది. బెల్టును మోటారు వైపు చిన్న పుల్లీ మీదికి మార్చి, మిగతా సర్దుబాటు ఇన్వర్టర్‌కు వదిలితే కోతకు సత్తువా మిగులుతుంది. మన దగ్గరా ఇళ్లకు 230, త్రీ ఫేజ్‌కు 415 వోల్టులే కాబట్టి హైదరాబాద్‌లోనో విశాఖలోనో పాత కొయ్య లేత్ కొన్నవాళ్లకూ ఇదే దారి.

ఇంటికి చేర్చడం మరో ఘట్టం. టెయిల్‌స్టాక్, టూల్ రెస్ట్, మోటారు, వీలైతే బెడ్ విడదీసి తేవాలి. ఇంజన్లు ఎత్తే చిన్న క్రేను అద్దెకు తెస్తే నడుములు మిగులుతాయి. బరువంతా హెడ్‌స్టాక్ దగ్గరే ఉంటుంది గనుక ఎత్తేటప్పుడు అటే ఒరుగుతుంది. కాంక్రీటు నేల మీద నిలబెట్టాక నాలుగు కాళ్లూ సమంగా ఆనేలా చెక్క బద్దలు తోసి, ఆ తర్వాతే బోల్టులు బిగించాలి. ఎగుడుదిగుడు నేలకు బలవంతంగా బిగిస్తే పోత మెలిపడి, దగ్గరికి తెచ్చిన మొనలు కలవడం మానేస్తాయి.

బరువైన లేత్ వచ్చినంత మాత్రాన ఎండు గిన్నె రాత్రికి రాత్రి తయారుకాదు. పచ్చి దిమ్మను ముందు మందంగా కోసి పక్కన పెడతారు. గోడ మందం వ్యాసంలో పదో వంతు, అంటే అడుగు గిన్నెకు అంగుళం పైచిలుకు. నార కొసలకు మైనం పూసి నెలల తరబడి ఆరనిస్తారు. నార అడ్డంగా ఎక్కువగా, పొడవునా తక్కువగా ముడుచుకుంటుంది కాబట్టి గుండ్రటి గిన్నె కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఆ వంకర గిన్నెను మళ్లీ లేత్‌కెక్కించి గుండ్రంగా దిద్దడమే రెండో కోత. బరువైన యంత్రం విలువ బాగా తెలిసేదీ అక్కడే. కోడిగుడ్డు ఆకారం తిరిగేటప్పుడు ఉలికి చుట్టుకు రెండుసార్లే కొయ్య తగులుతుంది, మిగతాదంతా ఖాళీ గాలి. తేలిక లేత్ మీద ఆ ఎదురుదెబ్బలకు పిడి చేతిలో నిలవదు. పోత ఇనుము మీద చప్పుడు వినిపిస్తుంది గానీ ఉలి కదలదు.

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వుడ్‌టర్నర్స్ 1986లో ఏర్పడింది, బ్రిటన్ సంఘం ఆ మరుసటేడు. వాటి కింద ఊరూరా ఉన్న స్థానిక క్లబ్బుల్లో యంత్రాలు తరచు చేతులు మారుతుంటాయి. వయసు పైబడి పని మానేసినవారి లేత్ కొత్తగా నేర్చుకుంటున్నవారి ఇంటికి వెళ్తుంది. కొనేవారికి అందులో ఒక లాభముంది: అమ్మేవారే పక్కన నిలబడి మొదటి దిమ్మ కోయిస్తారు. మొహానికి పూర్తి కవచం, దుమ్ముకు మాస్కు, వదులు చేతుల్లేని చొక్కా తప్పనిసరి. మోటారు ఆన్ చేసేటప్పుడు దిమ్మకు ఎదురుగా కాక పక్కకు నిలబడాలి. ముందు అన్నిటికన్నా తక్కువ వేగం. యంత్రం అదరకుండా నిలిస్తే ఇంకొంచెం పెంచాలి, అదురు మొదలైన దగ్గర కాస్త వెనక్కి తగ్గించి ఉలి పెట్టాలి. మొదటి నాలుగైదు కోతల్లో దిమ్మ సమతూకానికి వస్తుంది, వేగం ఇంకొంచెం పెరుగుతుంది. చిన్న లేత్ మీద గంట పట్టిన ఈ మొదటి దశ పెద్దదాని మీద పావుగంటలో తేలిపోతుంది. మిగిలిన సమయం గిన్నె ఆకారం మీద పెట్టుకోవచ్చు.