చీకటికి ఎంత టైమివ్వాలి?

రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వస్తుందంటే, మా తిరుమలగిరి వైపు కెమెరా ఉన్నవాళ్లకు కాలు నిలవదు. లింగమంతుల స్వామి జాతరను రాత్రే చూడాలి. భేరీల మోత, ‘ఓ లింగా’ కేకలు, గంపలెత్తుకుని గట్టెక్కే ఆడవాళ్లు. ఫోన్‌తో తీస్తే ఆ రాత్రి కాస్తా పట్టపగలైపోతుంది. నాకది గిట్టదు. అందుకే ఇంకా రీలు వేస్తున్నా.

కాంతిని కొలిచే మీటరుకు తెలిసిందల్లా ఒక్కటే, దేన్ని చూపినా నడిమి బూడిదరంగుగా లెక్కగట్టడం. ఫ్రేము నిండా రాత్రి ఆకాశముంటే టైము ఎక్కువ చెప్పి చీకటిని వెలవెలబోయేట్టు చేస్తుంది. మధ్యలో ఫోకస్ లైటొకటి పడిందా, బెదిరిపోయి తక్కువ చెప్తుంది, మొహాలన్నీ బొగ్గే. అందుకే ఆ లైటు కిందే అరచేయి చాచి రీడింగు తీసుకుని, దానికి ఒక స్టాపు ఎక్కువిస్తాను. 400 రీలుతో, దుకాణాల వరసలో ఎఫ్ 2, సెకనులో ముప్పయ్యో వంతు సుమారుగా సరిపోతుంది. గంప మోసే చేయి కాస్త చెదిరితే చెదరనీ, నడక కనిపిస్తుంది.

లైట్లు దాటి వెన్నెల్లోకి వెళ్తే లెక్క మారుతుంది. నిండు వెన్నెలకు ఎఫ్ 2.8 దగ్గర 16 సెకన్లు చాలని లెక్క చెప్తుంది. రీలు ఒప్పుకోదు. చినుకూ చినుకూ పడి ఎప్పటికప్పుడు ఆరిపోతే దుక్కి తడవదు కదా, వెండి లవణపు రేణువుదీ అదే కథ; కాంతి మరీ నిదానంగా తగిలితే పట్టిన ముద్ర నిలవక చెదిరిపోతుంది. జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ నక్షత్రాల ఫొటోల కోసం 1900 నాటికే దీన్ని సూత్రంలో పెట్టాడు. ఇల్‌ఫోర్డ్ వాళ్ల హెచ్‌పి5 రీలుకు ఆ కంపెనీ ఇచ్చిన లెక్కలో 10 సెకన్లు 20 అవుతాయి, 16 దాదాపు 38, 30 ఏకంగా 86. స్టాండూ కేబులూ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. చందమామను మాత్రం ఈ లెక్కలో కలపకండి. అది ఎండలో ఉన్న రాయి, దానికి ఎఫ్ 11, నాలుగువందలో వంతు సెకను చాలు.

రీలును 1600కు పుష్ చేసి కడిగిస్తే అన్నీ వస్తాయంటారు కొందరు. కాంట్రాస్టు పెరుగుతుంది గానీ నీడలో పడని మొహం ఎక్కడి నుంచి వస్తుంది? నెగెటివ్ రీలైతే, అనుమానమొచ్చినప్పుడు టైము ఎక్కువే ఇవ్వండి. పలుచటి నెగెటివ్‌ను ఏ స్టూడియో బాగుచేయలేదు.

ఇక ఫ్లాష్ సంగతి. దాన్ని సంచిలోనే ఉండనివ్వండి. నెత్తిన గంపతో, జనం తోపులాటలో గట్టెక్కుతున్న మనిషి కళ్లలో కొట్టకండి.