తేలనివారి లెక్క

కరోనా కాలంలో లెక్కలు కట్టేవాళ్లను సతాయించింది లెక్కకు రానివాళ్లే. జ్వరం లేదు, దగ్గు లేదు, పరీక్ష చేయించుకోరు. జబ్బు మాత్రం పంచుతూనే ఉంటారు. వాళ్లను పట్టుకునే ఉపాయం 'సూత్ర' నమూనా. దాన్ని తీర్చిదిద్దింది ముగ్గురు: కాన్పూర్ ఐఐటీ ఆచార్యులు మణీంద్ర అగ్రవాల్, సైనిక వైద్యురాలు మాధురీ కనిత్కర్, 1947లో గుంటూరులో పుట్టిన హైదరాబాద్ ఐఐటీ ఆచార్యులు మాతుకుమల్లి విద్యాసాగర్.

1927 నాటి కెర్మాక్, మెకెన్‌డ్రిక్‌ల నమూనా జనాన్ని మూడు గదుల్లో పెడుతుంది: సోకే వీలున్నవారు, సోకినవారు, కోలుకున్నవారు. సూత్ర నడిమి గదికి అడ్డుగోడ కట్టింది. ఇటువైపు పరీక్షలో తేలినవారు, అటువైపు తేలనివారు. తేలినవారు విడిగా ఉంటారు గనక వ్యాప్తి అంతా అటువైపు నుంచే. రోజూ కొత్తగా సోకేవారిలో కొంత వంతు పరీక్షకు చిక్కుతుంది. ఆ వంతు కొన్నాళ్లు మారకపోతే ఇటూ అటూ ఉన్నవారి నిష్పత్తి కూడా ఒకచోట కుదురుకుంటుంది. పనితనమంతా ఇక్కడే ఉందంటాను. ఇక తేలనివారి సంఖ్య కావలసిన ప్రతిచోటా తేలినవారి సంఖ్యను ఆ నిష్పత్తితో హెచ్చవేసి పెట్టుకోవచ్చు. మిగిలేవి రోజూ బులెటిన్‌లో వచ్చే అంకెలే. కొత్త కేసులను యాక్టివ్ కేసులతో భాగించి, మొత్తం కేసులకు ఎదురుగా గ్రాఫు మీద పెడితే చుక్కలు దాదాపు సరళరేఖలో వరుస కడతాయి. రేఖ మొదలయ్యే ఎత్తు వ్యాప్తి వేగం చెబుతుంది. వాలులో పరీక్షల పట్టు, జబ్బుకు అందిన జనాభా కలిసి ఉంటాయి. వాటిని విడదీయడానికి, ఎందరి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో చూసే సీరో సర్వే సాయపడుతుంది.

జబ్బుకు అందిన జనాభా అన్నాను. తెనాలిలో జబ్బు మొదలైందనుకోండి. అది మెయిన్ లైన్ మీద బాపట్లకు, బ్రాంచి లైన్ మీద రేపల్లెకు పోవాలి. 2020 మార్చిలోలా పాసింజర్లు ఆగిపోతే, రేపల్లె వాళ్లందరినీ మొదటి గదిలో వేసేయడం తప్పు. అందుకే జబ్బు ఎంత వంతు జనం దాకా చేరిందో చెప్పడానికి సూత్రలో ప్రత్యేకంగా ఒక గుణకం ఉంది. రైళ్లు తిరిగితే, కొత్త రకం వైరస్ వస్తే గుణకాలు మారి చుక్కలు పాత రేఖను వదిలేస్తాయి. కొత్త రేఖ కుదిరేదాకా అంచనా నిలవదు. 2021 ఏప్రిల్‌లో రెండో ఉధృతి అంచనాలకు అందనంత పైకి పోయింది.

టీకా మనిషిని మొదటి గదిలోంచి నేరుగా చివరి గదికి చేరుస్తుంది. రేపల్లెలో 100 మందికి వేశారనుకుందాం. వాళ్లలో 40 మందికి తెలియకుండానే సోకి తగ్గిపోయి ఉంటే, టీకా నూటికి నూరు పాళ్లు పనిచేసినా మొదటి గదిలోంచి కదిలేది 60 మందే. అందువల్ల డోసులతో వ్యాప్తి ఎంత తగ్గుతుందో కట్టాలంటే ముందు తేలనివారి నిష్పత్తి చేతికి రావాలి.