మూడు కోతల పనితనం
వానాకాలానికి ముందు మూసాపేట గల్లీల్లో కరెంటు తీగలకు అడ్డొచ్చే కానుగ కొమ్మలు కొట్టేస్తుంటారు. శిక్షణ పొందినవాళ్ల పని చూడగానే తెలిసిపోతుంది. ముందు మానుకు జానెడు దూరంలో కొమ్మ అడుగున గాటు పెడతారు. కాస్త అవతల పైనుంచి రంపం వేస్తారు. బరువుకు కొమ్మ విరిగినా బెరడు మాను దాకా చీలదు. మిగిలిన మోడును చివర్లో, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను ముట్టుకోకుండా, దాని అంచున కోస్తారు. ఆ మెడలోంచే కొత్త బెరడు పుట్టి గాయం చుట్టూ గాజులా కమ్ముకొస్తుంది. తారు పూయక్కర్లేదు. ఇలా ఓర్పుగా కోయడం వల్లే తీగలకు భద్రత, బస్సు కోసం నిలబడ్డవాళ్లకు నీడ రెండూ దక్కుతున్నాయి. మీ కాలనీలో కొమ్మలు కొట్టించాల్సివస్తే, గొడ్డలి పట్టుకొచ్చిన వాణ్ని ఆపండి. ఈ మూడు కోతలు తెలిసినవాళ్లను పిలవండి.