‘అమృతం’లో అంజి

జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా సాగిన హాస్య ధారావాహిక ‘అమృతం’లో నాయకుడు అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ – ముగ్గురు నటించారు. కథ చెక్కుచెదరలేదు. హోటలు పెట్టి రాత్రికి రాత్రే ఎదగాలనే అమృతరావు పెటీబూర్జువా ఆశకు ప్రతిరూపం. ఆ ఆశ ఏ ముఖానికైనా అతుకుతుంది. దాని వెంట భయపడుతూనే నడిచే మిత్రుడు అంజి అలా కాదు. ఆ పాత్రలో చివరిదాకా గుండు హనుమంతరావే నిలిచారు. నాటకరంగం నుంచి వచ్చిన ఆయనకు సినిమా ఎక్కువగా చిన్న వేషాలే విదిల్చింది. నిండు మనిషిని ఇచ్చింది బుల్లితెరే. 2018లో ఆయన మరణించారు. 2020 నాటి ‘అమృతం ద్వితీయం’లో ఎల్.బి. శ్రీరామ్ వంటి సమర్థుడు అంజి అయినా, పాత మనిషి లోటు తెలిసింది. హాస్యనటుణ్ణి వేషాల లెక్కతో తూచే మన విమర్శ ఈ లోటును ఏ తూనికరాళ్లతో తూస్తుంది?